సాంబమూర్తిగారి హస్తవాసి

హత్య జరిగిందన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. జరిగిన చోటు అరచెయ్యంత గాజు పళ్ళెం. చచ్చినవి చీము పట్టిన పుళ్ళలో పెరిగే సూక్ష్మక్రిములు, కోట్ల లెక్కన. చంపింది గాయపాకు అని సాంబమూర్తిగారు అప్పటికే కాలేజీ అంతటా చెప్పేశారు.

గాయపాకు కొత్త మొక్కేమీ కాదు. పొలం గట్ల మీద, కాలువ ఒడ్డున, రైలు పట్టాల పక్కన పెరిగే గడ్డిచేమంతి. మోకాలు చెక్కుకుపోయిన పిల్లలు దాని ఆకు నలిపి పసరు పిండుకుంటారు. ఆ పసరుకి నిజంగా క్రిముల్ని చంపే శక్తి ఉందో లేదో తేల్చడం సాంబమూర్తిగారి పరిశోధన.

తేల్చే పద్ధతి ఇది. ఆకు నూరి స్పిరిట్‌లో నానబెట్టాలి. గుడ్డలో వడకట్టాలి. వచ్చిన పచ్చటి ద్రవాన్ని మరిగే నీళ్ళ మీద పెట్టి చిక్కబరచాలి. అందులో చిన్న అద్దుడు కాగితం బిళ్ళను తడిపి ఆరబెట్టి, క్రిములు పరిచిన పళ్ళెం మధ్యలో ఉంచి, పళ్ళేన్ని రాత్రంతా వెచ్చటి పెట్టెలో వదిలెయ్యాలి. మందు పనిచేయకపోతే పొద్దుటికి పళ్ళెమంతా క్రిములు మీగడలా కమ్ముకుంటాయి. పనిచేస్తే, వానాకాలం చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు, బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి చోటు మిగులుతుంది. అందుకే ఆ లాబొరేటరీలో దాన్ని గుడి అనేవారు.

సాంబమూర్తిగారు చేసిన ప్రతిసారీ గుడి కట్టింది. హన్నా చేసినప్పుడు ఒక్కసారి కూడా కట్టలేదు.

ఇదీ కేసు.

డెబ్భై నాలుగో సంవత్సరం, చలి వెనకబట్టి ఎండ ఇంకా ముదరని రోజులు. విజయవాడ బందరు రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ప్రైవేటు కాలేజీలో సాంబమూర్తిగారు వృక్షశాస్త్రం శాఖకి పెద్ద. తెల్లటి పంచె మీద తెల్లటి లాబొరేటరీ కోటు వేసుకుని నడుస్తుంటే పై సగం డాక్టరులా, కింది సగం పురోహితుడిలా కనిపించేవారు. హన్నా ఆయన దగ్గర పరిశోధనలో సహాయకురాలు. చేరి ఏడాది కావస్తోంది. ఉద్యోగం ఖాయం చెయ్యాలన్నా, ఇక చాలు వెళ్ళమనాలన్నా ఆయన ఒక్క మాట చాలు. తల్లి ఎస్తేరమ్మ ఆస్పత్రిలో నర్సు. పటమటలో వాళ్ళింట్లో మంచినీళ్ళ చెంబు దగ్గర్నుంచి దిండు గలీబు దాకా ప్రతిదీ మరిగే నీళ్ళలో మునిగి లేచినదే. ఆ ఇంట్లో పెరిగిన హన్నా చేతికి శుభ్రం తప్ప ఇంకోటి తెలియదు.

అయినా గుడి కట్టదు.

"ఒకరి చేతిలో పనిచేసి మరొకరి చేతిలో పనిచెయ్యకపోతే దాన్ని మందు అనరమ్మాయ్, గారడీ అంటారు," అన్నారు సాంబమూర్తిగారు ఆ సోమవారం. "వచ్చే వారం వాల్తేరు సభలో నేను పేపరు చదవాలి. మా సహాయకురాలు కూడా విడిగా చేసి ఇదే చూసిందని చెప్పాలి. నువ్వేమో రోజూ నాకు మీగడ పళ్ళెం చూపిస్తున్నావు."

"నేనూ మీరు చెప్పినట్టే చేస్తున్నానండీ."

"చేస్తే కట్టాలిగా."

హన్నా మీగడ పళ్ళేనికి మూత పెట్టింది.

"శుక్రవారం దాకా చూస్తాను. ఒక్క గుడి. ఒక్కటంటే ఒక్కటి కట్టి చూపించు. లేదా నీ చోట ఇంకొకరిని చూసుకోనీ. నిన్ను తిట్టడం నాకూ సరదా కాదు," అని ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మూల నిలబడి సీసాలు కడుగుతున్న అటెండరు ఇశ్రాయేలు అంతా విన్నాడు. వినడం అతని ఉద్యోగంలో సగం. మిగతా సగం కిళ్ళీ నమలడం.

"హన్నమ్మగారూ, మీరు అనవసరంగా బాధపడుతున్నారు. ఇది హస్తవాసి," అన్నాడు.

"ఏమిటది?"

"మా ఊళ్ళో ఒక డాక్టరుండేవాడండీ. ఉత్త నీళ్ళు సూదిమందంటూ పొడిచినా జ్వరం దిగిపోయేది. ఆయన కొడుకు మద్రాసులో పెద్ద చదువు చదివొచ్చి అసలు మందే పొడిచాడు. దిగలేదు. చెయ్యి అండీ. పుట్టుకతో రావాలి."

"సైన్సులో చెయ్యి ఉండదు ఇశ్రాయేలూ."

"మరి సారు పళ్ళెంలో గుడి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

హన్నా తన పళ్ళేన్ని మళ్ళీ వెలుగులో పెట్టి చూసింది.

"మన గుడి మనకి ఆదివారం ఎలాగూ ఉంది," అని ఓదార్చాడు ఇశ్రాయేలు. "మధ్యలో ఈ గుడి దేనికి?"

మధ్యాహ్నానికి ఆ మాట స్టాఫ్ రూముకి చేరింది. సాయంత్రానికి ఆడపిల్లల వెయిటింగ్ రూముకి చేరింది. మర్నాడు ఆమె మెట్లెక్కుతుంటే కెమిస్ట్రీ మేష్టారు ఆపి మరీ పరామర్శించాడు. "చెయ్యి ఒకసారి ఎవరికైనా చూపించుకోకూడదూ అమ్మా. గవర్నరుపేటలో మంచి హస్తసాముద్రికుడు ఉన్నాడు."

హన్నా నవ్వి ఊరుకుంది. లోపల మాత్రం నవ్వలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. కాని చేతకానిదన్న ముద్ర పడితే అది ఏ లాబొరేటరీకి వెళ్ళినా తనకంటే ముందే వెళ్ళి కూర్చుంటుంది. తప్పు తన చేతిలో ఉందా, ఇంకెక్కడైనా ఉందా? శుక్రవారం లోపల తేలాల్సింది అదే.

ఆమె నేరస్థుల్ని వరసగా నిలబెట్టింది.

మొదటి అనుమానం ఆకు మీద. సాంబమూర్తిగారు పటమట పొలం గట్ల మీద కోయిస్తారు. తను బందరు కాలువ గట్టున కోసుకుంటుంది. అందుకని ఆయన ఆకు తను తీసుకుని, తన ఆకు ఆయనకిచ్చింది. కాలువగట్టు ఆకుతో ఆయన పళ్ళెంలో గుడి కట్టింది. పటమట ఆకుతో ఆమె పళ్ళెంలో మీగడ కట్టింది. ఆకు నిర్దోషి.

స్పిరిట్? ఇద్దరిదీ ఒకే జాడీ. క్రిములు? ఒకే గొట్టం నుంచి వచ్చిన అన్నదమ్ములు. అద్దుడు కాగితం బిళ్ళలు? ఒకే పంచింగు మెషీనుతో ఇశ్రాయేలు గుద్దినవి. నూరిన కల్వం? అది సాంబమూర్తిగారి సొంతం. అడిగితే ఇచ్చారు గాని, కొత్త సైకిలు అరువిచ్చిన వాడిలా ఆమె నూరుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డారు. అయినా మీగడే.

స్పిరిట్ ఒక్కటే క్రిముల్ని చంపుతోందేమో అని ఆయన ముందే జాగ్రత్తపడ్డారు. జాడీలోంచి ఉత్త స్పిరిట్ తీసి, దాన్నీ నీళ్ళ మీద చిక్కబరిచి, బిళ్ళని తడిపి పెట్టి చూశారు. గుడి రాలేదు. స్పిరిట్ కూడా నిర్దోషి.

బోనులో మిగిలింది హన్నా కుడిచెయ్యి ఒక్కటే.

బుధవారం మధ్యాహ్నం ఆమె సాంబమూర్తిగారి బల్ల దగ్గరికి వెళ్ళింది. "సార్, ఇవాళ మీరు చేస్తుంటే మొదట్నుంచి చివరిదాకా చూస్తాను."

"చూడు. చూస్తే వచ్చేదైతే ఇశ్రాయేలు ఈపాటికి ప్రొఫెసరయ్యేవాడు."

"నేను చూడనండీ, వింటాను," అన్నాడు మూలనుంచి ఇశ్రాయేలు.

హన్నా స్టూలు లాక్కుని ఆయన మోచేతి పక్కనే కూర్చుంది. ఆయన గిన్నె ఎత్తితే ఆమె చూపు గిన్నె మీదికి వెళ్ళేది. చెయ్యి దించితే చెయ్యి మీదికి దిగేది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న కుర్రాడిలా ఆయనకి చెమట పట్టింది. బల్ల సొరుగు తీసి, మడత పెట్టి ఉన్న కొత్త గుడ్డల్లోంచి ఒకటి తీసి, విప్పి, గరాటులో వేసి, నానిన ఆకుని స్పిరిట్‌తో సహా గుమ్మరించారు. గుడ్డ నాలుగు కొసలూ స్పిరిట్‌లో తడిసేలా కూడగట్టి పిండారు. పచ్చటి ధార పడింది.

"ఇందులో రహస్యమేముందమ్మాయ్? ఏం చూస్తున్నావ్ అలా?"

"మీ చెయ్యండీ."

ఆయన చెయ్యి తడబడింది. పిండిన గుడ్డని దులిపి రోజూ వేసే చెత్తబుట్ట మీదికి విసరబోయి, గురి తప్పి, సీసాలు నానబెట్టిన చాకలి సోడా బకెట్లోకి విసిరారు. ఆ సంగతి ఆయన చూసుకోలేదు. ఆ నాలుగు గోడల మధ్య ఆ రోజు జరిగిన అసలు సంఘటన అదే.

సాంబమూర్తిగారు పళ్ళేన్ని పెట్టెలో పెట్టి ఇంటికి వెళ్ళాక, సీసాలు తియ్యడానికి బకెట్లో చెయ్యి పెట్టిన ఇశ్రాయేలు ఆగిపోయాడు.

"హన్నమ్మగారూ. ఇటు రండి ఒకసారి."

అతని చేతిలో గుడ్డ వేలాడుతోంది. మధ్యలో ఆకు పచ్చదనం. నాలుగు కొసల్లోనూ ఎర్రటి మరకలు.

"రక్తం," అన్నాడు ఇశ్రాయేలు మెల్లగా. "సారుకి చెయ్యి తెగింది. పాపం, మనకి చెప్పలేదు."

హన్నా గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. సారు చెయ్యి తెగలేదు. ఆ మధ్యాహ్నం ఆ చేతిని ఆమె చూసినంతగా ఆయన భార్య కూడా ఎప్పుడూ చూసి ఉండదు. పైగా తెగిన వేలు ఒక కొసని తడుపుతుంది గాని, లెక్కగా నాలుగు కొసల్నీ ఎందుకు తడుపుతుంది?

ఆమె బుట్ట దగ్గరికి వెళ్ళి వంగింది. అడుగున నిన్నటి గుడ్డ దొరికింది. దాని కొసలు ఎర్రగా లేవు. పిండగా పిండగా వెలిసిపోయిన పసుపుపచ్చ చారలు ఉన్నాయి.

"ఇశ్రాయేలూ, నీ సున్నం డబ్బీ ఇలా ఇవ్వు."

"కిళ్ళీ కావాలాండీ?"

"సున్నం కావాలి."

వేలితో కాస్త సున్నం తీసి, తడి చేసి, పసుపుపచ్చ చారకి రాసింది. చార చూస్తుండగానే ఎర్రబడింది. పెళ్ళికూతురి పాదాల పారాణి రంగు. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో తెలియని ఇల్లు కృష్ణా జిల్లాలో లేదు. చాకలి సోడా కూడా ఆ పనే చేస్తుంది.

"పసుపు," అంది హన్నా.

ఇశ్రాయేలు కిళ్ళీ నమలడం ఆపేశాడు.

"గుడ్డలు ఎక్కణ్ణుంచి వస్తాయి సారుకి?"

"ఇంటినుంచేనండీ. అమ్మగారిది మంగళగిరి కదా. వాళ్ళ అన్నగారు కోటిలింగంగారికి అక్కడ మగ్గాలున్నాయి. గుడ్డ తాను పంపిస్తారు. అమ్మగారు ముక్కలు కోసి, అన్నం క్యారియరు మీద పెట్టి పంపిస్తారు. నేనే కదండీ తెచ్చేది."

హన్నా స్టూలు మీద కూర్చుంది. కొత్త గుడ్డకి పసుపు పెట్టకుండా వాడరు. సాంబమూర్తిగారి ఇంట్లో అది ఆచారం. తన ఇంట్లో ఆ ఆచారం లేదు. తను వడకట్టేది అమ్మ పాత చీర ముక్కల్లో. అవి నర్సుగారి కాగులో మూడుకాలాలూ మరిగినవి. పసుపు నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో చక్కగా కరుగుతుంది. కరిగిన పసుపు ఆకుపచ్చ రసంలో కలిసిపోతే ఎవరి కంటికీ కనపడదు. ఉత్త స్పిరిట్‌ని పరీక్షించినప్పుడు దాన్ని గుడ్డలో వడకట్టే పనే లేదు కాబట్టి గుడ్డ దొరికిపోలేదు. ఆకునీ అనుమానించారు, చేతినీ అనుమానించారు. గుడ్డని మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ మనిషిలా అది అన్ని ప్రయోగాల్లోనూ ఉంది, ఎవరి దృష్టిలోనూ పడలేదు.

మరి సాంబమూర్తిగారు చూడలేదా? రోజూ చూశారు. కొత్త గుడ్డకి అంచు ఉన్నట్టే పసుపూ ఉంటుంది ఆయన లెక్కలో. పసుపు లేకపోతే ఆశ్చర్యపోయేవారు.

ఇశ్రాయేలు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనాండీ? సొరుగులో ఇంకా గుడ్డలున్నాయి. చప్పుడు చెయ్యకుండా రేపు అందులో వడకట్టుకోండి. శుక్రవారం గుడి కడుతుంది. సారుకి సంతోషం, మీకు ఉద్యోగం. పసుపు సంగతి నేనెవరితోనూ అనను."

మంచి సలహా. ఇంత సులువైన దారి ఈ కథలో ఇంకోటి లేదు. హన్నా దాని గురించి ఆలోచించలేదని చెబితే అబద్ధం. రైలు కూత ఒకటి వినిపించి ఆగిపోయేంతసేపు ఆలోచించింది.

"వాల్తేరులో విన్నవాళ్ళు తమ ఊరెళ్ళి పాత గుడ్డలో వడకడితే?"

"వాళ్ళకీ హస్తవాసి లేదనుకుంటారు."

"నాకు లేదనుకున్నట్టా?"

ఇశ్రాయేలు తల గోక్కున్నాడు. "ఆ మాట నేను సరదాకి అన్నానండీ."

"నాకు ఆకు లేకుండా కూడా కట్టాలి గుడి. అప్పుడే నా చెయ్యి బోనులోంచి దిగుతుంది," అంటూ ఆమె సంచీ అందుకుంది. "సారు ఇంటికి వెళ్ళొస్తాను."

సాంబమూర్తిగారు ఇల్లు చేరి, అప్పుడే కృష్ణ ఒడ్డుకి షికారు వెళ్ళారు. హన్నాకి కావలసింది కూడా అదే. ఆయన భార్య సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రావమ్మా హన్నా. అయ్యో, ఎంత చిక్కిపోయావు? ఈయన నిన్ను రాచిరంపాన పెడుతున్నారట కదా."

"అలాంటిదేం లేదు పిన్నిగారూ."

"నాకు చెప్పొద్దు. రాత్రి అన్నం దగ్గర కూడా నీ మీదే. హన్నాకి గుడి కట్టలేదు, హన్నాకి గుడి కట్టలేదు. నేనే అన్నాను, వాళ్ళ గుళ్ళు వేరే కదండీ, ఎలా కడుతుంది అని."

హన్నాకి నిజంగానే నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగింది. "సారుకి మీరు పంపే గుడ్డలు రెండు నాక్కావాలి పిన్నిగారూ. ఒకటి పసుపు పెట్టింది. ఒకటి పెట్టనిది."

చిక్కుడుకాయ ఒలుస్తున్న వేళ్ళు ఆగాయి. "పెట్టనిదా?"

"ప్రయోగానికి."

"పసుపు పెట్టని కొత్త గుడ్డ మా ఇంట్లోంచి బయటికి పోదమ్మా. అందులో అది మా పుట్టింటి గుడ్డ. ఆయన పనికి వాడేది. అందుకే ఒక్క కొసకి కాదు, నాలుగు కొసలకీ నిండుగా పెడతాను."

"ముక్కముక్కకీ పెడతారా?"

"కోశాక ఏ ముక్కకి ఆ ముక్క కొత్త గుడ్డే కదా."

ఇంత బలమైన తర్కం హన్నాకి ఎమ్మెస్సీలో కూడా ఎదురుకాలేదు. "పోనీ నాకిచ్చేదానికి వద్దు పిన్నిగారూ. మా ఇంట్లో ఎలాగూ పెట్టం."

"మీరు పెట్టుకోరు, నిజమే. కాని ఇచ్చేది నేను కదా. చెయ్యి నాది." సంపూర్ణమ్మ కాసేపు ఆలోచించింది. మనసు మంచిది, ఆచారం గట్టిది. రెండింటి మధ్య సందు ఎక్కడుందో వెతికింది. చివరికి లోపలికి వెళ్ళి మంగళగిరి తాను మొత్తం తెచ్చి, కత్తెరతో సహా హన్నా ఒడిలో పెట్టింది. "తాను కొసకి ముందే పెట్టాను. ఆ చివర్న ఉంది. ఈ చివర్నుంచి నీక్కావలసింది నువ్వు కోసుకో. నేను కాఫీ కలపడానికి వెళ్తున్నాను. నేనేం చూడలేదు."

ఫిల్టర్ కాఫీ వచ్చేసరికి పసుపు సోకని ముక్కలు హన్నా సంచీలో ఉన్నాయి. వాటితోపాటు సంపూర్ణమ్మ స్వయంగా పసుపు పెట్టిన ముక్కలు కూడా.

గురువారం పొద్దున్న హన్నా సాంబమూర్తిగారితో అంది. "సార్, ఇవాళ ఇద్దరం ఒకే బల్ల మీద చేద్దాం. మీరు నా గుడ్డలో వడకట్టండి. నేను మీ గుడ్డలో వడకడతాను."

"గుడ్డ మారిస్తే చెయ్యి మారుతుందా?"

"చూద్దామండీ."

ఆయన ఆ గుడ్డ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. ఏదో వెలితిగా అనిపించింది గాని, ఏమిటో తోచలేదు. "ఇదీ మా బావమరిది నేసిందేనా?"

"అదే తానండీ."

ఆయన వడకట్టారు. ఆమె వడకట్టింది. తర్వాత హన్నా ఇంకో పసుపు గుడ్డ తీసి, ఆకు ఏమీ వెయ్యకుండా ఉత్త స్పిరిట్ పోసి వడకట్టి, దాన్నీ చిక్కబరిచి మూడో బిళ్ళ తడిపింది. ఆ వేళకి సాంబమూర్తిగారు క్లాసుకి వెళ్ళిపోయారు. మూడు పళ్ళాలూ పక్కపక్కనే పెట్టెలో పడుకున్నాయి. పెట్టెకి కరెంటు పోకుండా చూడమని ఇశ్రాయేలు ఇంటికి వెళ్తూ ప్రార్థన కూడా చేశాడు. తర్వాత అతనే చెప్పాడు.

కరెంటు పోలేదు.

శుక్రవారం పొద్దున్న సాంబమూర్తిగారు ముందు హన్నా పళ్ళెం తీశారు. బిళ్ళ చుట్టూ గుండ్రంగా, తేటగా గుడి.

"కట్టింది," అన్నారు. ఆయన మొహం విచ్చుకుంది. "నేను చెప్పలా? ఓపిక పడితే వస్తుందని చెప్పలా? ఇశ్రాయేలూ, కాఫీ తీసుకురావోయ్. హన్నాకి హస్తవాసి వచ్చింది."

"మీది కూడా చూడండి సార్," అంది హన్నా.

ఆయన తన పళ్ళెం తీశారు. వెలుగులో పెట్టారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పళ్ళెమంతా మీగడ. నిన్నటిదాకా హన్నా తెచ్చి చూపించిన మీగడే.

కాఫీకి బయల్దేరిన ఇశ్రాయేలు గుమ్మంలో నిలబడిపోయాడు. వెళ్తే వినపడదు.

"నా చేతికేమయింది?" అన్నారు సాంబమూర్తిగారు. కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు కూడా.

"గవర్నరుపేటలో హస్తసాముద్రికుడు ఉన్నాడటండీ," అంది హన్నా. "కెమిస్ట్రీ మేష్టారికి తెలుసు."

ఆయన ఆమె వైపు చూశారు. ఆమె మూడో పళ్ళెం తీసి ఆయన చేతిలో పెట్టింది. అందులోనూ గుడి ఉంది.

"ఇదెవరిది?"

"నాదేనండీ. మీరు ఒక్క గుడి కట్టమన్నారు. రెండు కట్టాను. ఇది ఆకు లేకుండా కట్టాను."

"ఆకు లేకుండా ఏం వడకట్టావు?"

"ఉత్త స్పిరిట్. పిన్నిగారి గుడ్డలో."

ఆమె సొరుగులోంచి గుడ్డ ఒకటి తీసి విప్పి బల్ల మీద పరిచింది. ఇశ్రాయేలు అడక్కుండానే సున్నం డబ్బీ తెచ్చి మూత తీసి పట్టుకున్నాడు. హన్నా ఒక కొసకి సున్నం తడి రాసింది. కొస ఎర్రబడింది. రెండో కొస. మూడోది. నాలుగో కొస దగ్గర సాంబమూర్తిగారు ఆమె చేతిలోంచి సున్నం అందుకుని తనే రాశారు.

ఆయన తెలివైన మనిషి. విడమరిచి చెప్పక్కర్లేదు. బల్ల మీది ఆ ఎర్ర కొసల్లో వాల్తేరు సభ, పేపరు, ఏడాది పని, ఒక్కొక్కటే చదువుకుంటున్నట్టు నిలబడ్డారు.

"నేను రోజూ చూశాను దీన్ని," అన్నారు చివరికి.

"అవునండీ."

"చూసి, మంచి శకునం అనుకున్నాను."

హన్నా నవ్వకుండా ఉండడానికి పళ్ళేల్ని సర్దింది.

"నువ్వు ఇవాళ ఒక్క పళ్ళెం చూపించి ఊరుకుంటే," అన్నారాయన, "నీ ఉద్యోగం ఖాయమయ్యేది. నేను వాల్తేరులో చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి."

"తర్వాత మద్రాసువాళ్ళు చేస్తే మీగడ వచ్చేదండీ. బొంబాయివాళ్ళకీ మీగడే. అప్పుడు దేశం మొత్తం మీద హస్తవాసి ఉన్నది మీ ఒక్కరికే అయ్యేది."

సాంబమూర్తిగారు కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. చప్పుడు లేని నవ్వు. కోటు కుదుపుకి జేబులో పెన్నులు గలగలమన్నాయి. కళ్ళు తుడుచుకుని, "ఇశ్రాయేలూ, కాఫీ అన్నానుగా," అన్నారు.

"తెస్తానండీ. ఇంకేమైనా జరుగుతుందేమోనని."

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళారు. రోజూ క్యారియరు తెప్పించుకునే మనిషి గుమ్మంలో కనపడితే సంపూర్ణమ్మ కంగారుపడింది. సంగతి విన్నాక కంగారు తగ్గింది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ అంది.

"నేనేం చేశానండీ? గుడ్డకి పసుపు పెట్టాను. పెట్టనివాళ్ళెవరు?"

"హన్నా."

"అయితే క్రిముల్ని చంపింది మీ ఆకు కాదన్నమాట. నా పసుపన్నమాట."

"అంతే."

"ఈపాటి దానికి ఏడాది పట్టిందా? నన్నడిగితే చెప్పేదాన్నిగా, దెబ్బకి పసుపు పెట్టమని."

ఆయన అన్నం కలుపుకోవడంలో మునిగిపోయారు.

వాల్తేరు సభలో సాంబమూర్తిగారి పేరు పిలిచినప్పుడు ఇద్దరు లేచారు. పేపరు మారింది. వడకట్టే గుడ్డ ప్రయోగాన్ని ఎలా మోసం చెయ్యగలదో అందులో ఉంది. గాయపాకు గురించి, తమ పద్ధతిలో చేసినంతవరకు నేరం రుజువు కాలేదు అని ఒకే వాక్యం ఉంది. రాసినవాళ్ళ పేర్లలో హన్నా పేరు ముందుంది. చదివింది కూడా హన్నాయే.

చదవడం పూర్తయ్యాక ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. "గుడ్డకొసన ఉన్న ఆ కాస్త పసుపు వడకట్టిన ద్రవంలోకి అంతగా దిగుతుందా? నమ్మడం కష్టం," అన్నాడు.

హన్నా జవాబు చెప్పబోయింది. అంతలో సాంబమూర్తిగారు వేదిక ఎక్కారు. ఆయన ఆ రోజు కొత్త మంగళగిరి పంచె కట్టుకున్నారు. కోటు జేబులోంచి ఇశ్రాయేలు సున్నం డబ్బీ తీశారు. టీ బల్ల మీంచి తెల్లటి గాజు కప్పు, దీపానికి తెచ్చిన స్పిరిట్ సీసా తెప్పించారు. పంచె కొస కప్పులో ముంచి పిండారు. కప్పులో సున్నం వేశారు. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా ఎరుపు కనిపించింది.

పెద్దాయన కూర్చున్నాడు. కూర్చుంటూ తన కొత్త పంచె కొస ఒకసారి చూసుకోవడం హన్నా కంట పడింది.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. కెమిస్ట్రీ మేష్టారు ఇప్పుడు తన గుడ్డల్ని ఆమెకి చూపించి గాని వాడడు. ఇశ్రాయేలు మాత్రం సిద్ధాంతం మార్చుకోలేదు. "నేనన్నది అదే కదండీ. హస్తవాసి. కాకపోతే సారుది కాదు, అమ్మగారిది," అంటాడు.

వాల్తేరు నుంచి వచ్చిన మర్నాడు హన్నా సారు ఇంటికి వెళ్తే సంపూర్ణమ్మ పంచె కొస పట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది.

"చూడమ్మా ఈయన చేసిన పని. కొత్త పంచె. సున్నం డబ్బీ చేత్తో ముట్టుకుని కొసంతా ఎర్రగా చేసుకొచ్చారు. చాకలి సోడా పెట్టి రుద్దుతుంటే తగ్గడం పోయి ఇంకా ఎర్రబడుతోంది."

"సోడా వద్దు పిన్నిగారూ. చింతపండు రుద్దండి. ఎరుపు పోతుంది."

సంపూర్ణమ్మ రుద్దింది. పోయింది. కొసని వెలుగులోకి పట్టి చూసింది.

"పసుపు అలాగే ఉందే."

"అది ఉంటుందండీ."

"మంచిదే," అంది సంపూర్ణమ్మ తృప్తిగా, పంచె మడత పెడుతూ.